రట్లండ్‌కు ముందుమాట

ఓకమ్,
11 మార్చి 1974

హెస్టర్‌కు,

నువ్వూ, మీ అక్కా మెల్టన్‌లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా ఆరోగ్యాలకేం లోటు లేదు. నా బుర్ర మాత్రం వేడెక్కిపోయింది.

మన రట్లండ్ కౌంటీ గురించీ, దాని ఊళ్ల గురించీ వేస్తున్న చిన్న పుస్తకానికి నాలుగు పేజీల ముందుమాట రాయమని కమిటీవాళ్లు అడిగినప్పుడు, ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను. ఇప్పటికి ఏడుసార్లు తిరగరాశాను. ఓకమ్ పేరు ముందు రాస్తే అప్పింగమ్ నుంచి వచ్చే మిసెస్ గోడార్డ్‌కి కోపం. "మా ఊరేమైనా మీ ఓకమ్‌కి తోకా?" అని నిలదీసింది. సరేనని అప్పింగమ్‌ను ముందు పెడితే, అధ్యక్షుడు స్టెబింగ్స్ గారు కళ్లజోడు తీసి, "ఏమ్మా ఎనిడ్, కోట ఎక్కడుంది? ఊళ్లో అడుగుపెట్టిన ప్రతి ప్రభువూ ఆనవాయితీగా ఇచ్చిన గుర్రపు నాడాలు ఏ ఊరి కోట గోడలకున్నాయి?" అన్నారు. రెండు ఊళ్లనూ ఒకే వాక్యంలో ఇరికించాను. వాక్యం పొడుగైపోయిందని ఇద్దరూ ఒకటై నన్ను తిట్టారు!

అది చాలదన్నట్టు పోయిన బుధవారం మరో గోల. వచ్చే నెల ఒకటో తారీఖుకి మన కౌంటీయే ఉండదు, లెస్టర్‌షైర్‌లో కలిపేస్తున్నారు కదా. పుస్తకం వచ్చేది మేలో. కాబట్టి "ఉంది" అన్నచోటల్లా "ఉండేది" అని మార్చాలట. "కోట ఎక్కడికి పోతుందండీ, నిన్ననే చూశాను" అన్నాను. "వాదించకమ్మా, దిద్దు" అన్నారు స్టెబింగ్స్ గారు. దిద్దాను. బతికున్న మనిషికి సంతాపం రాస్తున్నట్టనిపించింది.

శనివారం నీ ఉత్తరం అందింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన రెండేళ్లకు రాశావు, అందులో ఒక్క పలకరింపూ లేదు. తేదీలు సరిచూడమని అచ్చుప్రతి నీకు పంపింది స్టెబింగ్స్ గారే. "కోటలో నాడాలు లెక్కపెట్టావు, మునిగిపోయే మా లోయ మీద ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా?" అన్నావు. ఆనకట్ట కట్టి నింపబోయే ఆ జలాశయం కింద పోయే పొలాల మీద, ఇళ్ల మీద పేజీన్నర రాశాను, హెస్టర్. కమిటీవాళ్లు చోటు లేదన్నారు. నేనేం చేయను? నీ కోపమేదో వాళ్లమీద చూపించు.

మీ అక్కని అడిగానని చెప్పు.

నువ్వు కాదన్నా నీ నేస్తాన్నే,
ఎనిడ్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఆ పేజీన్నరను కమిటీ చూడనేలేదు. నేనే తీసేశాను. స్టెబింగ్స్ గారైతే "లోయ సంగతేది?" అని పెన్సిలుతో పక్కన రాశారు కూడా. చెరిపేశాను. అక్టోబరు నుంచి మా తమ్ముడు సిరిల్ ఆ ఆనకట్ట దగ్గర మట్టి యంత్రం నడుపుతున్నాడు. వేరే పని దొరకలేదు. నవంబరులో మీ ఇల్లు పడగొట్టింది అతనే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "హెస్టర్ వాళ్లమ్మ గదిలో గోడకి అంటించిన నీలం పూతకాగితం ఇంకా అలాగే ఉందే" అన్నాడు, అంతే. భోజనం ముట్టలేదు. ఆ మాట నీకు చెప్పకుండా మీ లోయ గురించి అందంగా ఎలా రాయను? అచ్చుకి గురువారం దాకా గడువుంది. నువ్వే రాసి పంపు. ఒక్క అక్షరం మార్చకుండా నేనే పట్టుకెళ్లి ఇస్తాను. పడగొట్టినవాడి పేరు రాసినా సరే.