మెయిను ఆపినా ఆగని మెరుపు

మా చిట్టి డాక్టరమ్మకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. నువ్వు అడిగినవన్నీ వరసగా చెబుతాను. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. షాపు పైకప్పు కారడం ఆగింది. ఇక, మొదటిసారి పేషెంటు ముందు కూర్చోగానే నోరు పెగల్లేదనీ, ఈ కళ్ల కోర్సు నీ వల్ల కాదేమో, మానేయనా అనీ అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

పోయిన వారం షాపులో మోటారు విప్పుకుని కూర్చున్నాను. ఎడమ పక్కన చటుక్కున ఏదో మెరిసింది. ట్యూబులైటు అనుకుని స్టార్టరు మార్చాను. మళ్లీ మెరిసింది. హోల్డరు మార్చాను, స్విచ్చుబోర్డు విప్పాను. ముప్పై ఏళ్లుగా అందరి ఇళ్లలో వైరింగు సరిచేస్తున్నవాణ్ణి, నా షాపులో లూజు కనెక్షన్ నాకే దొరక్కపోతే పరువేం కాను! అన్నం తెచ్చిన మీ అమ్మ, "లైటు బానే ఉంది కదండీ, దాన్నెందుకలా పీక్కుతింటారు?" అంది. పంతం కొద్దీ మెయిను ఆపేసి షట్టరు దించాను. ఆ చీకట్లో మెరుపు ఇంకా బాగా కనబడింది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. సెలవుల్లో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పేదానివి కదా. "కంటి లోపలి పొర చిరిగితే నొప్పుండదు నాన్నా, అందుకే జనం మోసపోతారు. పక్కన మెరుపులొస్తాయి, ఉన్నట్టుండి నల్లచుక్కలు కమ్ముతాయి. తెర దిగినట్టు నీడ పడిందంటే పొర ఊడిపోతోందన్నమాట. ఏది కనబడినా ఆ రోజే వెళ్లాలి." నేనేమో ఆవలిస్తూ, "మందు రాసివ్వండి డాక్టరమ్మా" అని ఏడిపించేవాణ్ణి. షట్టరెత్తి తెల్లగోడ వంక చూశాను. మసి చల్లినట్టు చుక్కలు.

ఈ వారం రోజులూ నీకు చెప్పకుండా దాచింది ఇదేనమ్మా. ఆ మధ్యాహ్నమే కళ్ల ఆసుపత్రికి వెళ్లాం. ఎడమకంటి పొరకి చిన్న చిరుగు పడిందట. ఊడిపోకముందే దాని చుట్టూ లేజరుతో అతుకు వేశారు. "ఆలస్యమైతే చూపే పోయుండేది. ఇంత త్వరగా ఎలా వచ్చారు?" అన్నారు డాక్టరుగారు. "మా అమ్మాయి చెప్పింది సార్" అన్నాను. గర్వంతో నా గొంతు కాస్త పెద్దదే అయింది. చీటీ రాసే ఆవిడ "ఎవరు పంపారు?" అన్నప్పుడూ అదే చెప్పాను. "మీ అమ్మాయి డాక్టరా?" అంది. "చదువుతోంది, రాయండి" అన్నాను. 'పంపినవారు: కూతురు' అని రాసిన ఆ కాగితం ఇప్పుడు షాపులో నా లైసెన్సు పక్కన వేలాడుతోంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటే మీ అమ్మ తల పట్టుకుంటోంది.

ఇప్పుడు నీ ప్రశ్న. నువ్వు నోరు పెగల్లేదన్న మనిషి నీ రెండో పేషెంటు. మొదటివాడు స్టూలు మీద కూర్చుని ఆవలించాడు, అయినా వాడి కన్ను నిలబెట్టావు. ఈ ఆఖరి నాలుగు లైన్లూ కుడికన్ను మూసుకుని రాశాను. ఎక్కడైనా వంకర పోయాయేమో చూడు.

ఇట్లు,
నీ మొదటి పేషెంటు,
నాన్న