ఎనిమిదిన్నర పెరుగు

నోవై,
ఫిబ్రవరి 9

ప్రియమైన వినీత్‌గాడికి,

నీ గృహప్రవేశం ఇన్విటేషన్ అనీష్ ఫార్వర్డ్ చేస్తే అందులో ప్లేనోలో నీ కొత్తింటి అడ్రస్ దొరికింది. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నువ్వూ నేనూ అనీష్, మానవ్‌లతో కలిసి ఉన్న అపార్ట్‌మెంట్ మీదుగానే రోజూ ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తాను. ఇవాళ మంచు పడుతుంటే మన పెరుగు గుర్తొచ్చింది. ఈ చలికి పాలు తోడుకోవని గిన్నెను ఓవెన్‌లో పెట్టి లైట్ వేసి ఉంచేవాళ్లం. ఓసారి మానవ్ చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడిచేస్తే గిన్నె మూత కరిగిపోయి, వారం రోజులు ఇల్లంతా ఒకటే కంపు. నువ్వు మాత్రం ఆ మంచులోనే వెళ్లి పక్క బిల్డింగ్ ఆంటీని అడిగి మళ్లీ తోడు తెచ్చావు.

ఆ పెరుగు వెనక సంగతి ఇన్నేళ్లూ చెప్పలేదు. నేను గే రా. నీకు తెలిసే ఉంటుంది, కానీ నా నోటితో ఎప్పుడూ చెప్పలేదు. హెచ్‌ఐవీ సోకకుండా రోజూ వేసుకునే మాత్ర ఒకటుంది. క్లినిక్ వాళ్లు దానికోసం నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టించారు. అది టైముకి మాత్ర గుర్తుచేస్తుంది, ఇంట్లోనే పరీక్ష చేసుకునే కిట్లు పంపుతుంది. రిమైండర్‌కి నచ్చిన పేరు పెట్టుకోమంది. నేనేదో తెలివిగా 'పాలకు తోడు పెట్టాలి' అని పెట్టాను. పెట్టింది ఎక్కడ? వంట వంతుల కోసం నలుగురం వాడే క్యాలెండర్‌లో! రాత్రి ఎనిమిదిన్నరకు నాలుగు ఫోన్లూ మోగాయి. నేను స్నానం చేసి వచ్చేసరికి మీరు ముగ్గురూ తలో గిన్నె తోడు పెట్టేశారు. నిజం చెప్పడం కంటే పెరుగు తినడమే సులువనిపించి ఊరుకున్నాను. ఆ చలికాలమంతా పెరుగన్నం, మజ్జిగ పులుసు, మళ్లీ పెరుగన్నం. "ఏందిరా, మళ్లా పెరుగేనా? మనది అపార్ట్‌మెంటా, డెయిరీనా?" అని తిడుతూనే గిన్నె ఊడ్చేసేవాడివి. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ నేనంతగా నవ్వలేదు.

అప్పుడే ఆ యాప్ వాళ్లు పంపిన డబ్బా వచ్చింది. రెండు కిట్లు. టేబుల్ మీద విప్పి పెట్టి ఆఫీస్ కాల్‌కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒకటే ఉంది. ఇంట్లో ఉన్నది నువ్వొక్కడివే. అయిదో రోజున ప్లేనోలో ప్రాజెక్ట్ దొరికిందని సూట్‌కేస్ సర్దేశావు. అసహ్యంతో దాన్ని చెత్తలో పడేశావనుకున్నాను. ఆరేళ్లయినా ఆ బాధ పోలేదు. ఆ రిమైండర్ కూడా తీయబుద్ధి కాలేదు. ఆ క్యాలెండర్‌లో ఇప్పుడు నేనొక్కణ్నే ఉండి ఉంటాను.

ఇప్పుడెందుకంటే, ఆ యాప్ వాళ్లు ఈ దేశానికొచ్చి చదువుకునే మన కుర్రాళ్ల కోసం తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. సొంత పేరుతో. "భయపడకండి, మీవాళ్లు మిమ్మల్ని వదిలెయ్యరు" అని చెప్పాలట. నువ్వు వెళ్లిపోయాక ఆ మాట నేనెలా చెప్పను? నెలాఖరులోగా నీ జవాబు రాకపోతే కుదరదని చెప్పేస్తాను. ఒక్క మాట రాయి. నన్ను చూసే వెళ్లిపోయావా?

నీ
తేజేశ్వర్

—

ప్లేనో,
ఫిబ్రవరి 16

ఒరేయ్ తేజూ,

కిట్ చెత్తలో పడెయ్యలేదు. నేనే వాడుకున్నాను.

నాకు అమ్మాయిలూ నచ్చుతారు, అబ్బాయిలూ నచ్చుతారు. నీ డబ్బా చూసేదాకా ఆ పరీక్ష నాలాంటివాడు కూడా చేయించుకోవాలని తట్టలేదు. నువ్వు కాల్‌లో ఉండగా ఆ పుల్లని చిగుళ్లకు రాసుకుని, బాత్రూమ్‌లో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. రెండు గీతలు వచ్చాయి, అంటే సోకినట్టే. బయటినుంచి నువ్వు "వినీత్, పులుసులో ఉప్పు చూడరా" అని పిలిచావు. వచ్చి చూసి సరిపోయిందన్నాను. నిజానికి నాకే రుచీ తెలియలేదు.

నీకున్న జాగ్రత్త నాకు లేకపోయిందని సిగ్గేసింది. ఇంకో వారం నీ ఎదురుగా ఉంటే చెప్పేస్తానని భయమేసింది. పారిపోయాను. నిన్ను చూసి కాదు రా, నన్ను చూసుకుని. ఇక్కడ క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి ఖాయం చేశారు, ఆ వారమే మందు మొదలుపెట్టారు. ఏళ్లుగా పరీక్షలో వైరస్ కనిపించడం లేదు. మందు మానకుండా అలాగే ఉంచుకుంటే శృంగారం వల్ల నా నుంచి ఎవరికీ సోకదని డాక్టర్ చెప్పారు. నా భార్య సుధకి పెళ్లి మాట రాకముందే అన్నీ చెప్పాను. ఆమె రెండు నెలలు ఆలోచించి, డాక్టర్‌ని తనే సవాలక్ష ప్రశ్నలడిగి, అప్పుడు ఒప్పుకుంది. నీకు మాత్రం ఇన్నేళ్లూ రాయలేకపోయాను. తప్పు నాదే.

ఇంకొకటి. ఆ క్యాలెండర్‌లో నువ్వొక్కడివే లేవు. నోవై టైముకి పెట్టావు కదా, ఇక్కడ గడియారం గంట వెనక కాబట్టి నాకు ఏడున్నరకే మోగుతుంది. మొదటిరోజు నుంచీ దానికే మందు వేసుకుంటున్నాను. నువ్వు తీసేస్తే నాదీ ఆగిపోయేది. ఆరేళ్లలో ఒక్కరోజూ ఆగలేదు. మోగినప్పుడల్లా, వీడు బాగానే ఉన్నాడనుకునేవాణ్ని.

ఆ కుర్రాళ్లతో మాట్లాడు. వదిలేసి పోయినవాడు భయంతో పోయాడని కూడా చెప్పు. నా పేరు ఇప్పుడే వద్దు. పెరుగు సంగతి మాత్రం వదలకు.

గృహప్రవేశానికి ఒకరోజు ముందే రా. వంటంతా కేటరింగ్ వాళ్లు చూసుకుంటారు, పెరుగు వద్దని చెప్పేశాను. సాయంత్రం ఏడున్నరకు మనిద్దరి ఫోన్లూ మోగాక, మాత్రలు వేసుకుని మనమే తోడు పెడదాం.

నీ
వినీత్