రొట్టెల డబ్బా అడుగున

వెర్నా,

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో అని ఒకటే బెంగ. అంతకంటే పెద్ద బెంగ మీ బావ. షేర్లలో గెలిచినవాళ్ల పుస్తకాలు చదివి, వాళ్లలో ఒక పెద్దమనిషి ఏం కొంటే అదే కొంటున్నారు. ఇప్పుడది బూట్ల కంపెనీ. షేరు రోజూ పడిపోతూనే ఉంది. ఆ పెద్దమనిషి ఏం కొన్నాడో, ఏం అమ్మాడో మనదాకా తెలిసేసరికి నెలలు గడుస్తాయట. "ఈలోగా ఆ పెద్దమనిషి అమ్మేసుకుని ఉంటే?" అన్నాను.

"ఒసే పిరికిదానా, అందరూ భయపడినప్పుడే కొనాలే! కొని పదేళ్లు కదలకుండా కూర్చోవాలి" అని నవ్వారు. మాకు పదేళ్లున్నాయా, వెర్నా?

మొన్న ఒమాహా వెళ్తూ ఆ బూట్ల కంపెనీ ఫ్యాక్టరీ పక్కగా పోయాం. కార్లు నిలిపే చోట గడ్డి మొలిచింది. ఆయన అటు చూడనే లేదు.

నాన్న మనిద్దరికీ ఇచ్చిన మొక్కజొన్న పొలం అమ్మి ఇంకా షేర్లు కొంటారట. ఎదురు చెప్పలేక నేను సంతకం పెట్టేశాను. నీ సంతకం కోసం ఆదివారం వస్తున్నారు. నువ్వు పెట్టకు.

పోస్టుకి వెళ్లేది కూడా ఆయనే. అందుకని ఈ ఉత్తరాన్ని నీకిష్టమైన దాల్చినచెక్క రొట్టెల డబ్బాలో అడుగున పెట్టి, ఆయన చేతికే ఇస్తున్నాను. "ముందు సంతకం, తర్వాతే తిండి" అంటారేమోనని భయంగా ఉంది. ఇది చదివేసరికే నువ్వు సంతకం పెట్టేసి ఉంటే, దీన్ని పొయ్యిలో వేసెయ్యి. నేను రాసినట్టు ఆయనకి తెలియనివ్వకు.

మీ అక్క