ముందు పొగడ్త, తర్వాత తప్పు

సోమవారం, ఉదయం 6.10, హోసూరు
ఇవాళ్టి నుంచి నా ఇన్‌స్పెక్షన్ రిపోర్టులన్నీ "ఆల్‌దో"తో మొదలు. అంటే "అయినప్పటికీ". మేనేజర్ గిరీష్ సార్ సలహా. "నాగజ్యోతమ్మా, నీ ఇంగ్లీషు చెంపదెబ్బ మాదిరి ఉండాది. నోటితో ఏం చెప్పొద్దు, గొడవలైతా ఉండాయి. రాసేటప్పుడు ముందు మంచి ఒప్పుకో, తర్వాత తప్పు చెప్పు." శనివారంతో నా ప్రొబేషన్ పూర్తి. పర్మనెంట్ కావాలంటే మర్యాద రావాలి. వస్తుంది!

సాయంత్రం 4.00
డ్రిల్లింగ్ మిషను నడిపే కేశవప్ప మీద రాశాను! "కేశవప్ప మిషను శుభ్రంగా ఉన్నప్పటికీ, హోల్స్ పెద్దవిగా వస్తున్నాయి." మూడుసార్లు చదువుకున్నాను. నాదేనా ఈ ఇంగ్లీషు?

మంగళవారం
షిఫ్టు ముందు నిన్నటి రిపోర్టును సూపర్‌వైజర్ నంజప్ప తెలుగు, తమిళం, కన్నడలో చదివి వినిపిస్తాడు. పొగడ్త వస్తే చప్పట్లు కొట్టాలి, మా ఫ్యాక్టరీ ఆనవాయితీ. "కేశవప్ప మిషను శుభ్రంగా పెట్టుకోనుండాడంట!" మూడు భాషల్లో మూడుసార్లు చప్పట్లు. ఇంతలో షిఫ్టు సైరన్. అందరూ మిషన్ల దగ్గరికి వెళ్లిపోయారు. తప్పు కాగితంలోనే ఉండిపోయింది.
పర్లేదు. మొదటి రోజే కదా.

బుధవారం
నిన్న పొగడ్త కుదించి రాశాను. అయినా చప్పట్లు, సైరన్. కేశవప్ప సంతోషంగా వేప్పనపల్లి మామిడిపళ్లు తెచ్చిచ్చాడు. నాలుగు తిన్నాను.
ఇంటికొచ్చి రూమ్మేట్ మీనాతో, "సాంబార్ బాగున్నప్పటికీ ఉప్పు లేదు" అన్నాను. రేపటి నుంచి వంట నాదే.

గురువారం
రిపోర్టు రాయలేదు. కారణాలు:
1. తలనొప్పి.
2. వంట.
3. ఆ మామిడిపళ్లు.

శుక్రవారం, 7.40
మూడొందల అరవై పీసులు రిజెక్ట్! ఆల్‌దో లేదు, ఏమీ లేదు. "హోల్స్ తప్పు. మిషను ఆపండి" అని రాసి నంజప్ప చేతిలో పెట్టాను.

8.00
చదివాడు. చప్పట్లు లేవు. కేశవప్ప మిషను ఆపి, వంగిపోయిన డ్రిల్ బిట్ తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. "సోమవారం నుంచి ఈ మాట యాడ దాచిపెట్టినావమ్మా?"
సిగ్గేసింది. చాలా.

శనివారం
సార్ దగ్గర్నుంచి ఇంగ్లీషు లెటర్. "నాగజ్యోతి మంచి పనిమంతురాలు" దాకా చదివి, పరిగెత్తి అరకిలో మైసూర్‌పాక్ తెచ్చి పంచాను. చప్పట్లు!
"మిగతాది కూడా చదువమ్మా," అన్నాడు కేశవప్ప.
రిపోర్టుల్లో మర్యాద చాలదట. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు. లెటర్లో మొదటి మాటే ఆల్‌దో. నేనే చూసుకోలేదు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఆదివారం
రేపటి నుంచి మళ్లీ ఆల్‌దో. ఈసారి తప్పు ముందు, మంచి వెనక. చప్పట్లు కొట్టుకునే లోపు విషయం చెవిన పడుతుంది.
సార్‌కి జవాబుతోనే మొదలుపెట్టాను: "మీరు చేసింది అన్యాయం సార్, మీరు మంచివారే అయినప్పటికీ."