హెడ్మాస్టరు గారి కాలర్లో కాలేజీ లెక్కలు

చిట్టీ,

నువ్వు స్నానం చేసి వచ్చేలోపు నేను ఆసుపత్రికి, నర్సుల యూనిఫాంలకి కొలతలు తీసుకోవడానికి వెళ్తున్నా. పారిపోయాననుకున్నా తప్పులేదు.

ముందు అరవకుండా చదువు. స్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సులు చదవడానికి నువ్వు తెచ్చుకున్న ఫారం కుట్టుమిషను మీద పెట్టా. ఇవాళే స్కూల్లో ఇచ్చెయ్యాలి, మర్చిపోకు. మధ్యలో నెలవంకలా కన్నం కనిపిస్తుంది. అది నేను కత్తిరించిందే. నిన్న బక్రం అయిపోతే, కాలరు నిలబడ్డానికి దళసరి కాగితం వెతికా. అదే చేతికొచ్చింది. ఆ కాలరు మీ హెడ్మాస్టరు గారిదే. చొక్కా నిన్ననే పట్టుకెళ్లిపోయారు.

ఫారంలో చరిత్ర, జీవశాస్త్రం క్షేమం. కాలేజీ లెక్కలు మాత్రం ఆయన మెడ చుట్టూ ఉన్నాయి. కన్నానికి తెల్లగుడ్డతో మాసిక వేశా, దానిమీద ఆ కోర్సు పేరు నువ్వే రాసుకో. ఫారం తీసుకునేటప్పుడు ఆయన నమ్మకపోతే కాలరు విప్పి చూసుకోమను. ఉతక్కముందే చెప్పు తల్లీ.

అయినా పదో తరగతి పిల్లకి కాలేజీ లెక్కలెందుకే? ఈ తొందర తిండి దగ్గర ఉంటే నీ గౌన్లన్నీ ఇలా నడుం దగ్గర బిగించే పని తప్పేది నాకు. పెట్టింది తినేసి వెళ్లు.

అమ్మ

అన్నట్టు, "మీ అమ్మాయి ఇంత పెద్ద చదువుకి సిద్ధమేనా?" అని ఫారం కింద ఒక గడి ఉంది. "పిల్ల సిద్ధమే, నేనే ఇంకా కాలేదు" అని పెట్టా. చెరిపేస్తావని తెలిసే, ఎర్రదారంతో కుట్టా.