పాలలో దోషం లేదు

మద్రాసు, 9-8-1983

చి. సౌ. జయమణికి అత్తయ్య దీవెనలు. బాబు నిలకడగా ఉన్నాడు, బెంగపడకు.

నిన్న రంగు మందు ఎక్కించి గుండెకు ఫోటోలు తీశారు. గుండె కండకు మంచి రక్తం అందించే నాళం వాడికి పుట్టుకతోనే తప్పుచోట, ఊపిరితిత్తులకు చెడురక్తం మోసే గొట్టంలోంచి మొలిచిందట. ఎక్కడో లక్షల్లో ఒకరికి ఉంటుందట. పాలు తాగేటప్పుడు చెమటలు పట్టి, పాలిపోయి ఏడ్చేది అందుకే. "పసివాడికి పాలు తాగడమే పరుగెత్తినంత పనండి. తల్లిపాలు ఎందుకు మానిపించారు?" అని ఇక్కడి ఆస్పత్రిలో పనిచేసే నెల్లూరి డాక్టరమ్మ అడిగింది. నీ పాలు పడటంలేదని నిన్ను నందిగామ పుట్టింటికి పంపేసింది నేనే కదా.

కొంచెం కొంచెంగా, ఆపి ఆపి పట్టమన్నారు. కాస్త బరువు పెరిగాక ఆపరేషన్ చేస్తారట. నీకు ఇంకా పాలున్నాయా? అడిగే ముఖం లేకపోయినా అడుగుతున్నాను. మీ నాన్నగారిని తోడు తీసుకుని వెంటనే బయలుదేరు. పాత నూలు చీరలు రెండు తీసుకురా. బాబు పాలకోసం నేను కొన్న మేకను రత్తయ్యకు తిరిగి ఇచ్చేయమని కబురు పెట్టు.

ఈ కార్డు మీ అమ్మగారికి ఇచ్చి, ఆదివారం మన జగ్గయ్యపేట మందిరంలో పాస్టరుగారి చేత చదివించమను. తల్లిపాల కీడు నుంచి నా మనవణ్ణి తప్పించమని అక్కడే సంఘమంతటి చేతా ప్రార్థన చేయించాను.

"ఇలాంటివి కవరులో రాయాలమ్మా, పోస్టుమేన్ చదువుతాడు" అన్నాడు మీ ఆయన. చదవనీ అన్నాను. నిన్ను ఆ మాట నేను గుసగుసగా అనలేదు.

దేవమణి