ఎనిమిదో కుర్చీ

అక్కకు, చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం ఒంట్లో క్షేమమే. మనసు సంగతి చివర రాస్తాను. పాప కాలిన చేత్తోనే పెన్సిల్ పట్టుకుంటోందని రాశావు. ఆ ఒక్క వాక్యం పదిసార్లు చదువుకున్నాను.

"నీ ఉద్యోగమేమిటే, జనాన్ని పోగేసి కబుర్లు చెప్పించడమా?" అని అడిగావు. అంతే అనుకో. కొత్త వస్తువు అమ్మకానికి రాకముందు, వాడేవాళ్ళని ఎనిమిదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేస్తాను. కాగితం మీద ప్రశ్నలిస్తే రాని మాటలు అక్కడ వస్తాయి. ఒకసారి ఒకావిడ బకెట్ పిడి గుచ్చుకుంటోందనగానే ఇంకో నలుగురు అరచేతులు చూపించారు. కానీ నోరున్నవాడిదే రాజ్యం కూడా అక్కడే. ఒకాయన భేష్ అంటే మిగతావాళ్ళు గంగిరెద్దుల్లా తలలూపుతారు.

ఇక పాప చేతి మీద వేడినీళ్ళు పడ్డ సంగతి రాస్తూ నువ్వడిగిన రెండో ప్రశ్న. "ఆ కెటిల్ వంచితే మూత ఊడుతుందని ముందు ఎవరికీ తెలియలేదా? లేక నేనే సరిగ్గా పెట్టలేదా?" బావగారు కూడా నీ అజాగ్రత్తే అంటున్నారట.

ఒకావిడకి తెలుసు అక్కా. ఆ కెటిల్ మీద చర్చ నడిపింది నేనే.

ఆవిడ బట్టలు కుట్టే మనిషి, ఎనిమిదో కుర్చీలో కూర్చుంది. రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన కెటిల్‌ని ఆకాశానికెత్తేస్తుంటే, మూత మీద వేలు పెట్టి "ఇది... వంచితే..." అంది. ఆయన "నీళ్ళు వంపడం కూడా నేర్పాలా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ వేలు వెనక్కి తీసుకుంది. నేను చూశాను. టైమైపోతోందని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను. రిపోర్టులో 'అందరికీ నచ్చింది' అని రాశాను.

ఇప్పటికీ ఆ గదిలోనే నా పని. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆవిడే కనిపిస్తోంది. ఇంట్లో నీళ్ళు మరిగితే చాలు, "వంచితే..." అని వినిపిస్తోంది. భయమేస్తోందక్కా. మూడు నెలలుగా ఈ ఉత్తరం రాయడం, చింపడం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మొన్న ఆఫీసులో ఎవరో అంటే లేచి బయటికి వచ్చేశాను.

ఆ రోజు రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో వేసి, జరిగిందంతా నా సంతకంతో రాసి, ఇందులో పెట్టాను. కంపెనీకీ పంపాను. ఉద్యోగం పోతుంది, పోనీ. మూత నువ్వు సరిగ్గానే పెట్టావు. బావగారిని పక్కన కూర్చోబెట్టుకుని విను. ఇరవై రెండో నిమిషంలో ఆవిడ గొంతు ఉంటుంది. ఆ వెంటనే అందరికంటే గట్టిగా వినిపించే నవ్వు నాది.

ఇట్లు,
నువ్వు ఇంకా అలా పిలిస్తే,
నీ చెల్లెలు